పొద్దు తగలని తిథి

భాద్రపద శుద్ధ విదియ, పాటు షిఫ్టు

జీతం చీటీలు వచ్చాయి. ధనకొండ బాబాయ్ చీటీలో నలభై ఐదు గంటలున్నాయి. ఓవర్‌టైం గడిలో సున్నా. కింద ఎర్ర అక్షరాల్లో: త్రయోదశి నాడు నాగా. ఈ ఏడాది మొత్తం నాగాలు మూడు.

మూడుసార్లు చదివి లాకు చక్రాన్ని ఒక్క తన్ను తన్నాను. చక్రానికేమీ కాలేదు. నా బొటనవేలు వాచింది.

ఆ వారం ఆయన ఏడు రోజులూ పనిలోకి దిగాడు. సెలవు రోజు కూడా వదల్లేదు. నేను జ్వరంతో గదిలో పడి ఉంటే, ఈ పదకొండో లాకు దగ్గర ఇద్దరం కలిసి తిప్పే చక్రాన్ని ఒక్కడే తిప్పాడు. సముద్రం పైకెక్కే వేళ పోటు షిఫ్టు, తలుపులు బిగించి కాచుకోవాలి, తొమ్మిది గంటలు. నీళ్ళు దిగే వేళ పాటు షిఫ్టు, తలుపులెత్తి లోపలి నీళ్ళు వదలాలి, ఆరు గంటలు. నాలుగు పోట్లు, మూడు పాట్లు చేశాడు. ముప్పై ఆరూ పద్దెనిమిదీ యాభై నాలుగు. దీనికి యంత్రం ఎందుకు? వేళ్ళు చాలు.

మూడు నాగాలు పడితే లాకు నుంచి తీసేస్తారు. ఈ ఉగాది నుంచి కొత్త రూలు. లాకు పోతే కరకట్ట మీద గది కూడా పోతుంది. అప్పుడు లోపలి చెరువుల్లో తేలే పాకల్లోకి వెళ్ళాలి. అక్కడ పరుపు కింద చెయ్యి పెడితే తడి తగులుతుంది. ఆయన భార్య ఆదెమ్మ పిన్నికి ఉబ్బసం. ఆ తడిలో ఒక్క చలికాలం కూడా గట్టెక్కదు. విచారణ నవమి నాడు.

బాబాయ్‌కి చీటీ చదివి వినిపించాను. ముప్పై ఏళ్ళ సైరన్ల వల్ల ఆయన చెవులు సగం పోయాయి. ఎడమ చెవి దగ్గర అరవాలి.

"నలభై ఐదేంటే నూకీ? ఎక్కడో జారిపోయుంటాయిలే."

"జారిపోడానికి గంటలేమన్నా బొమ్మిడాయి చేపలా బాబాయ్?"

నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపేసి, "మీ పిన్నికి సెప్పకు," అన్నాడు.

తదియ, పోటు

షిఫ్టు దిగి, నీళ్ళలో తేల్చే గాలి చొక్కా కూడా విప్పకుండా, హాజరు వేసే మస్టరు షెడ్డుకి వెళ్ళాను. గోడలో లెక్కలమ్మ ఉంటుంది, మాట్లాడే యంత్రం. మా గంటలన్నీ ఆవిడ దగ్గరే. ఆవిడకి మాట నేర్పినవాడెవడో గాని, ఆడా మగా చూడదు, అందర్నీ నాయనా అనే పిలుస్తుంది.

"పదకొండో లాకు ధనకొండ. శ్రావణం చివరి వారం చదువు."

"ద్వాదశి, ఆరు గంటలు. త్రయోదశి, నాగా. అమావాస్య, ఆరు గంటలు..."

"ఆగు. చతుర్దశి ఏది?"

"ఆ రోజు లేదు నాయనా."

"రోజు లేకపోవడమేంటి? నాకు జ్వరం తగిలింది ఆ రోజే. నాకు జ్వరం వచ్చిందా లేదా?"

"జ్వరానికి గడి లేదు నాయనా."

"నేను నీ నాయన్ని కాదు."

"సరే నాయనా."

వెనక వరసలో నిలబడ్డవాళ్ళు పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. చతుర్దశి నాడు పెద్ద పోటు వచ్చింది. జ్వరంలో కూడా గది గోడ అదురుతుంటే తెలిసింది. మధ్యలో ఒకసారి కిటికీలోంచి చూశాను. ఆయన చక్రం మీద పడుకున్నట్టు వంగి ఉన్నాడు. తిప్పడానికి బలం చాలక బరువు వేస్తున్నాడు. ఆ రోజు లేదట.

చవితి, పాటు

పిన్ని ఉండ్రాళ్ళు పంపింది. మా గట్టు మీద బొమ్మని నిమజ్జనానికి ఎవరూ మోసుకెళ్ళరు. గుమ్మంలో పెడితే సముద్రమే వచ్చి తీసుకుపోతుంది.

ఆయనకి ఎంత రావాలో పలక మీద వేశాను. గంటకి అరవై. పోటు గంటకి ఇంకో పదిహేను భత్యం. వారంలో నలభై ఎనిమిది దాటిన ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు. ఇంతవరకు అందరికీ తెలుసు. పేచీ ఇక్కడే మొదలవుతుంది: ఒకటిన్నర రెట్లు దేనికి? అరవైకా, డెబ్భై ఐదుకా? దాటిన ఆరు గంటలూ పోటువా, పాటువా? ఆఖర్న చేసినవి పాటు గంటలు కాబట్టి అరవైకే అంటుంది లెక్కలమ్మ. అంటే ఆ ఆరు గంటల దాకా ఆయన్ని నిలబెట్టిన పోటు గంటలు గాలికి పోయినట్టేనా?

ఏడో తరగతితో బడి మానేశాను. మిగతాదంతా తిథులూ పోట్ల వేళలూ ఉండే పోటు పట్టీ చూసి నేర్చుకున్నదే. అయినా ఇక్కడ ఇరుక్కున్నాను. నా గొణుగుడు విని, గిన్నెలు తీసుకుపోడానికి వచ్చిన పిన్ని అడ్డం పడింది. నేను చీటీ సంగతి దాచాను, లెక్క సంగతే చెప్పాను.

"పులుసులో ఉప్పేసేక ఏ ముక్కలో ఎంతుందో ఏరతావేంటే? మొత్తం కుండంతా ఒకటే రుచి."

అంతే. భత్యం ఉప్పు. వారమంతా ఒక కుండ.

యాభై నాలుగు అరవైలు మూడు వేల రెండొందల నలభై. ముప్పై ఆరు పదిహేనులు ఐదొందల నలభై. రెండూ కలిపితే మూడు వేల ఏడొందల ఎనభై. యాభై నాలుగుతో భాగిస్తే సరిగ్గా డెబ్భై, ఒక్క పైసా మిగల్లేదు. అదీ ఆ వారంలో ఆయన గంట విలువ. ఒక వంతు ముందే కలిసింది కాబట్టి దాటిన ఆరు గంటలకీ ఇంకో సగం కలపాలి, ఆరు ముప్పై ఐదులు రెండొందల పది. మొత్తం మూడు వేల తొమ్మిదొందల తొంభై. లెక్కలమ్మ పద్ధతిలో అయితే ముప్పై రూపాయలు తగ్గుతాయి. ఇప్పుడు చీటీలో ఉన్నది మూడు వేల నూట ఐదు.

"బాగా సేత్తన్నావే," అంది పిన్ని పలక చూసి. ఆవిడకి అంకెలు రావు. తర్వాత అంది: "మీ బాబాయ్ రెండ్రోజుల్నించి సామాన్లు సర్దుతున్నాడు. నేను సూడనప్పుడు. ఏం జరిగిందో నువ్వయినా సెప్పవే."

చెప్పాను. ఆవిడ ఏడవలేదు. దగ్గు తెర వచ్చింది, ఊపిరి కుదుటపడేదాకా గోడకి ఆనుకుని, గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయింది.

పంచమి, పోటు

దొరికింది.

మేం తారీఖులు రాయం. పోటు తిథిని బట్టి వస్తుంది, తారీఖుని బట్టి రాదు. చక్రం మీద చెయ్యేసిన క్షణాన ఏ తిథి నడుస్తుంటే ఆ పేరు పలికి వేలిముద్ర వేస్తాం. పదేళ్ళ పిల్లని అడిగినా ఇప్పుడు ఏ తిథో చెబుతుంది. కాని లెక్కలమ్మ అలా కాదు. పొద్దు పొడిచే వేళ ఏ తిథి ఉంటే రోజంతటికీ అదే పేరు.

పోటు పట్టీ తిరగేశాను. ఆ రోజు ఐదూ యాభైకి పొద్దు పొడిచింది, అప్పటికి త్రయోదశి. ఆరూ ఇరవైకి త్రయోదశి వెళ్ళిపోయి చతుర్దశి వచ్చింది. బాబాయ్ ఏడింటికి చక్రం పట్టుకుని "చతుర్దశి" అన్నాడు. మర్నాడు ఐదూ పదికల్లా చతుర్దశి అయిపోయింది. పొద్దు పొడిచేసరికి అమావాస్య. అంటే ఆ చతుర్దశికి ఏ పొద్దూ తగల్లేదు. రెండు పొద్దులు తగిలే తిథికి మిగులు అని రెండో గడి ఉంది. ఏ పొద్దూ తగలని తిథికి గడే లేదు. ఆయన తొమ్మిది గంటలు ఆ సందులో పడిపోయాయి. త్రయోదశి గడి ఖాళీగా ఉంది గనక నాగా.

చైత్రంలో పడిన నాగా చూశాను. పొద్దు తగలని తిథి. జ్యేష్ఠంలోది కూడా అంతే. మూడూ అంతే.

నా పాత చీటీలు తీశాను. నాకూ ఒకటుంది. ఆ రోజు వేలిముద్ర సరిగా పడలేదేమో అనుకుని నోరు మూసుకున్నాను. ఈ గట్టు మీద లాకులు తిప్పే లస్కర్లం నలభై ఒక్కమందిమి. అందరూ అలాగే అనుకుని ఉంటారు. మాకు యంత్రం తప్పు చెయ్యదన్న నమ్మకం ఒకటి, మేమే తప్పు చేసి ఉంటామన్న భయం ఒకటి. రెండూ కలిపి కాల్చెయ్యాలి.

సప్తమి, పాటు

మస్టరు గుమస్తా సుభాషిణి గారి మీదికి వెళ్ళాను. ఆవిడ తీపినీళ్ళ కూపన్లు లెక్కపెడుతోంది. బల్ల మీద పోటు పట్టీ విసిరాను. కూపన్లు చెదిరిపోయాయి.

"ఏ తెలివితక్కువ దద్దమ్మ నేర్పాడండీ దీనికి రోజులు లెక్కపెట్టడం? మా లాకు ముఖం చూశాడా వాడు? ఏ చల్లటి గదిలో కూర్చుని..."

"కూపన్లు ఏరమ్మా ముందు," అంది ఆవిడ.

ఏరాను. ఏరుతూనే తిట్టాను. ఆవిడ అంతా విని, పోటు పట్టీలో నేను గీసిన గీతలు చూసింది. లేచి ఇనప బీరువాలోంచి ఒక కాగితం తీసింది.

"యంత్రం పెట్టిన రోజు, రోజుకి పేరెలా పెడతారని పెద్ద లస్కర్లని అడిగారు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. చదువుకో."

కాగితంలో ఒకటే ముక్క. పొద్దు పొడిచే వేళ ఏ తిథి ఉంటే ఆ రోజుకి ఆ తిథే పేరు. కింద వేలిముద్ర. వేలిముద్ర పక్కన పేరు: ధనకొండ, పదకొండో లాకు.

కుడి బొటనవేలు. మధ్యలో గొలుసు కోసిన గాటు. ఆ గాటు నాకు తెలుసు, లాకులో చేరిన మొదటి నెలలో చూశాను. చక్రం ఎలా పట్టుకోకూడదో దాన్ని చూపించే నేర్పాడు.

నాకు ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

"విచారణలో దీన్ని బయట పెట్టాలాండీ?" అన్నాను.

"అడిగితే పెట్టాలి."

"అడక్కపోతే?"

సుభాషిణి గారు కాగితాన్ని బీరువాలో పెట్టేసింది. తాళం వెయ్యలేదు. అది గమనించమన్నట్టు నా వైపు చూసింది. నేను దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవాలనిపించలేదని మాత్రం రాయను.

అష్టమి, పోటు

అష్టమి పోటుకి బలం ఉండదు. తలుపులు బిగించి కూర్చుంటే చాలు. బాబాయ్ చక్రానికి ఆముదం రాస్తున్నాడు. ఎల్లుండి ఉంటాడో లేదో తెలియని లాకు చక్రానికి పంటి పంటికీ రాస్తున్నాడు.

"నీ గంటలు ఎక్కడికి పోయాయో కనిపెట్టాను," అని అరిచాను.

"ఎక్కడికే?"

చతుర్దశికి పొద్దు తగల్లేదని చెప్పాను. అంతవరకే.

ఆయన చెయ్యి ఆగింది. "ఓహో," అన్నాడు. మళ్ళీ రాయడం మొదలెట్టాడు. కాసేపటికి, "డబ్బు పోతే పోయిందే. నేనక్కడ లేనని రాసేరు సూడు, అదే నమిలి మింగలేకపోతన్నా. ఆ రోజు తలుపు రెండంగుళాలు లేచిందే నూకీ. నడుం పట్టేసింది. తలుపు మీద పడుకుండిపోదామనిపించింది. నీ గది దిగువనే గదా, నీళ్ళొత్తే ముందు మునిగేది అదే."

ఆముదం గిన్నె అందుకుని అవతలి వైపు రాశాను.

నవమి

విచారణ మస్టరు షెడ్డులోనే జరిగింది. వచ్చిన ఇంజనీరు పేరు చయనులు గారు. బక్కగా, బురద అంటని బూట్లతో ఉన్నారు. బూట్లు చూడగానే నాకు ఒళ్ళు మండింది. నిలబడే మొత్తం చెప్పాను. పలక చూపించాను, పట్టీ చూపించాను.

ఆయన పట్టీ మీద వేలు పెట్టి రెండు నిమిషాలు ఆగారు. "క్షయ తిథి," అన్నారు. "అయ్యయ్యో. మా తాతగారు పంచాంగం గుణించేవారమ్మా. తగులూ మిగులూ అని రోజూ ఇంట్లో గొడవే. పండక్కి గొడవపడ్డాం గాని జీతానికి ఎవరం చూడలేదు." లెక్కలమ్మ వైపు తిరిగి మూడు నాగాలూ ఒక్కొక్కటే అడిగి, పట్టీతో పోల్చి చూసుకున్నారు. "మూడూ కొట్టేస్తున్నాను. గంటలు ఎక్కించండి."

పిన్ని తలుపు దగ్గర నిలబడి ఉంది. చెంగు నోట్లో కుక్కుకుంది.

అక్కడితో లేచిపోతారనుకున్నాను. "ఇంతకీ యంత్రానికి ఇలా ఎవరు చెప్పారు?" అని అడిగారు. కోపంగా అడగలేదు. రాసుకోవడానికి అడిగారు.

సుభాషిణి గారు నా వైపు చూసింది.

"తెలీదండి," అన్నాను. లెక్కలో నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఇది లెక్క కాదు.

బాబాయ్ నా మోచెయ్యి గుంజాడు. "ఏమంటన్నారే?"

"ఏం లేదు బాబాయ్. అయిపోయింది. ఇంటికి పోదాం."

"నీ మొకం సూత్తే అయిపోయినట్టు లేదు. సెప్పవే."

అందరూ చూస్తున్నారు. ఆయన ఎడమ చెవి దగ్గరికి వంగాను. ఆ చెవిలో గుసగుసలాడితే వినబడదు. అరవాలి. "లెక్కలమ్మకి ఆ రూలు ఎవరు చెప్పారని అడుగుతున్నారు!"

ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేనేనండి. ఆయ్."

షెడ్డులో నలభైమంది ఉన్నారు. అందరూ ఆయన వైపు తిరిగారు.

"పొద్దు సూసి పేరెట్టమన్నానండి. పొద్దు తగలని తిథి ఒకటుంటదని తెలవక కాదు. మేం సేపల ఏటలో ఉన్నప్పుడు ఆ తిథిన పడవ దింపేవోళ్ళం కాదండి. ఆ రోజు వలలు బాగు సేసుకుంటాం, పిల్లల్తో ఆడుకుంటాం. సముద్రానికీ సెలవు, మనిసికీ సెలవు. పని లేని రోజుకి గడెందుకని నేనే సెప్పలేదు. లాకుకి సెలవుండదని అప్పుడు నాకు తోచలేదండి. అప్పటికింకా నా బుర్ర పడవలోనే ఉంది."

తర్వాత వెనక్కి తిరిగాడు. నా వైపు కాదు, మిగతా లస్కర్ల వైపు. "మీ గంటలూ పోయుంటాయిరా. నా నోటెమ్మటే పోయాయి."

నాలుగో లాకు మనిషెవడో అన్నాడు: "పోతే పోయాయిలే పెదనాన్నా. ఆ రోజు మనకి సెలవిద్దామనే గదా నువ్వన్నది."

"ఇచ్చింది సెలవు కాదురా. నాగా," అన్నాడు బాబాయ్.

నాకు ఏడుపొచ్చింది. కోపం వల్లే అని రాసుకుంటున్నాను.

చయనులు గారు రాయడం ఆపి కలం మూత పెట్టారు. అందరి గంటలూ మొదట్నించి తిరగేయమని సుభాషిణి గారికి చెప్పారు. కొత్త రూలు రేపటికల్లా మమ్మల్నే ఒక కాగితం మీద రాసి ఇమ్మన్నారు.

"భత్యం సగటు సంగతి?" అన్నాను. "బాబాయ్‌కి ఇంకా ముప్పై రూపాయలు రావాలి."

"అది పై ఆఫీసు చూడాలమ్మా. ముప్పయ్యే కదా."

"ముప్పై ఇంటూ నలభై ఒకటి ఇంటూ ఎన్ని వారాలండీ?"

"నూకీ, నాకా ముప్పై వద్దే," అన్నాడు బాబాయ్. చెవుడని ఎవరన్నారో, ఈ మాట మాత్రం వినబడింది.

"నీ కోసం కాదు," అన్నాను.

చయనులు గారు నవ్వి, "ఆ ఉప్పు సంగతి కూడా కాగితంలో రాయి. పైకి పంపుతాను," అన్నారు. బూట్ల మీద కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

దశమి, పాటు

బాబాయ్ సర్దిన మూటలు పిన్ని విప్పేసింది. విప్పుతూ ప్రతి గిన్నెకీ ఒక తిట్టు తిట్టింది. ఆయన గుమ్మంలో కూర్చుని నవ్వుతున్నాడు. వినబడక నవ్వుతున్నాడో, వినబడి నవ్వుతున్నాడో పిన్నికే తెలుసు.

నేను కాగితం పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. "నువ్వు చెప్పు, నేను రాస్తా."

"ఇంకా నన్నే సెప్పమంటావా? ఒకసారి సెప్పింది సాలదా?" తల అడ్డంగా ఊపాడు. "ఈసారి నువ్వే. వేలు కూడా నీదే."

మూడుసార్లు రాసి కొట్టేశాను. గంటలు ఏ తిథివో కాదు, ఎవరివో చూడండి అని రాస్తే అది రూలులా లేదు, తిట్టులా ఉందన్నాడు. చివరికి ఇద్దరం ఒప్పుకున్నది ఇది: మనిషి చక్రం మీద చెయ్యేసిన క్షణం నుంచి తీసిన క్షణం దాకా పని. ఆ తిథికి పొద్దు తగిలినా తగలకపోయినా గడి ఉండాలి. వారంలో కలిసిన భత్యమంతా వారంలోని గంటలన్నిటికీ పంచి, ఆ విలువ మీదే ఓవర్‌టైం కట్టాలి.

"పొద్దు తగలని తిథిన సెలవడగవేంటే?" అన్నాడు.

అడగొచ్చని నాకు తట్టనే లేదు. నాలుగో వాక్యం రాశాను: వీలైన చోట ఆ తిథిన సగం మందికి సెలవు, జీతంతో. ఇవ్వరు. అయినా రాశాను.

సంతకం పెట్టబోతే చెయ్యి ఆగింది. లెక్క రెండుసార్లు సరిచూశాను, తప్పు లేదు. ఆయన కూడా అప్పుడు అలాగే సరిచూసుకుని ఉంటాడు. ఇప్పుడు నాకు తోచనిదేదో ఇందులో ఉండే ఉంటుంది. అది ఎవరి గదిని ఊడగొడుతుందో నాకు తెలియదు. ఇరవై ఏళ్ళకో, ముప్పై ఏళ్ళకో, ఎవత్తో ఒకత్తి ఈ కాగితం పట్టుకుని ఏ తెలివితక్కువది రాసిందని బల్ల గుద్దుతుంది.

సంతకం పెట్టాను. దాని కింద ఇంకో ముక్క రాశాను. రూలు కాగితంలో ఇలాంటివి ఉండకూడదని సుభాషిణి గారు అన్నారు గాని కొట్టెయ్యలేదు.

ఇందులో తప్పు దొరికితే భయపడకుండా వచ్చి అడగండి. నూకరత్నం, పదకొండో లాకు, మెట్లెక్కగానే ఎడమ చేతి గది. తలుపు గట్టిగా కొట్టండి. అప్పటికి నాకూ చెవుడొచ్చి ఉంటుంది.